క్రైస్తవ ప్రపంచ దృక్పథం: సోమవారం నుండి శనివారం వరకు

వార్షికోత్సవ సంచికకు ఒక అధ్యయన వ్యాసం రాయమని సంపాదక వర్గం వారు కోరినప్పుడు మేము ఈ అంశాన్నే ఎన్నుకున్నాం. ఎందుకో ముందే చెప్పాలి. మన హాస్టల్లో ఆదివారం ఉదయం బైబిలు చంకన పెట్టుకుని చర్చికి బయలుదేరేవారు సగం మందికి పైనే ఉంటారు. మిగతావారిలో గుడికి వెళ్ళేవారున్నారు, అంబేద్కర్ గారి బాటలో బౌద్ధం చదివేవారున్నారు, ఏ దారీ పట్టక ట్యాంకు దగ్గర బట్టలు ఉతుక్కునేవారూ ఉన్నారు. ఇది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ వసతి గృహం. ఎవరి నమ్మకం వారిది. కాబట్టి ఈ వ్యాసం ప్రసంగం కాదు, ఎవరినీ ఎక్కడికీ రమ్మని పిలవటం లేదు. చర్చిలో విన్న మాటకూ, తిరిగొచ్చి మెస్సులో కంచం పట్టుకుని నిలబడే వరుసకూ సంబంధం ఏమిటన్నదే మా ప్రశ్న. చర్చికి వెళ్ళని తమ్ముళ్ళు కూడా దీన్ని చదవాలని మా కోరిక. ఇందులో చాలా భాగం మన తాతముత్తాతల చరిత్రే.

దృక్పథం అంటే ఏమిటి?

పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ, ఊళ్ళో పుట్టినవాడికి ఇది తెలియనిదేమీ కాదు. ఊళ్ళో ఒక గేదె చచ్చిందనుకుందాం. ఆసామికి అది నష్టం. ఊరికి అది మైల, పొద్దుగూకేలోపు ఎవరో వచ్చి లాక్కుపోవాలి. ఒకప్పుడు మాదిగపల్లెకు అది పని, తోలు, ఆ పూట కూడు. గేదె ఒక్కటే, చూపులు మూడు. ఎవరు దాన్ని ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు, ముట్టుకున్నవాడు ఎంత దూరంలో నిలబడాలి అన్నవి గేదె ఒంటి మీద రాసిలేవు. చూసేవారి తలలో ఉన్నాయి. లోకం ఎలా పుట్టింది, మనిషి ఎవరు, ఎవరి స్థానం ఏది అన్న ప్రశ్నలకు మనకు తెలియకుండానే మనలో కుదురుకుపోయిన జవాబుల మొత్తాన్ని ప్రపంచ దృక్పథం అంటారు. అది లేని మనిషి ఉండడు. నాకే మతమూ లేదనే వాడికి కూడా చచ్చిన గేదెను ఎవరు ఎత్తాలన్న విషయంలో ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది.

క్రైస్తవ దృక్పథం ఈ ప్రశ్నలకు చెప్పే జవాబులను పండితులు సాధారణంగా నాలుగు మాటల్లో చెబుతారు: సృష్టి, పతనం, విమోచన, నిరీక్షణ. దేవుడు లోకాన్ని మంచిదిగా చేశాడు. మనిషి తిరుగుబాటు వల్ల అది చెడింది. క్రీస్తు ద్వారా దేవుడు దాన్ని తిరిగి కొంటున్నాడు. ఒకనాడు సమస్తం నూతనమవుతుంది. ఇవి సండేస్కూల్లో అందరూ కంఠతా పట్టినవే కనుక వీటిని విడివిడిగా విస్తరించం. మొదటి మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి.

ఆదికాండం మొదటి అధ్యాయం 26, 27 వచనాలు దేవుడు మనిషిని తన స్వరూపంలో, స్త్రీగా పురుషునిగా చేశాడని చెబుతాయి. ఆ కాలపు ఐగుప్తులోనూ, బబులోను ప్రాంతంలోనూ దేవుని స్వరూపం అన్న బిరుదు రాజుకు ఉండేది. రాజే దేవుని ప్రతిరూపం, మిగిలినవారు ఆయన పనివాళ్ళు. ఆదికాండం ఆ బిరుదును రాజు నెత్తి మీద నుంచి తీసి ప్రతి మనిషికీ ఇచ్చింది. ఇటుకలు మోసేవాడికీ ఇచ్చింది. పుట్టుకతో ఎక్కువ తక్కువలు నిర్ణయించిన సమాజంలో ఈ ఒక్క వాక్యాన్ని నిజంగా నమ్మితే ఎంత తలకిందులవుతుందో ఊహించుకోవచ్చు. నమ్మామని చెప్పటం వేరు సంగతి.

రెండో అధ్యాయం 15వ వచనం కూడా గమనించాలి. తోటను సేద్యం చేయటానికీ, కాయటానికీ దేవుడు మనిషిని అందులో ఉంచాడు. ఇది పాపం రాకముందు మాట. అంటే ఒళ్ళు వంచి పని చేయటం శాపమూ కాదు, తక్కువతనమూ కాదు. మా నాన్నగారు ముప్పై ఏళ్ళుగా మిరప చేలల్లో కూలి. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటివాళ్ళం మేమే. పీజీలో చేరాక కొందరు తోటి విద్యార్థులు నాన్నగారి పని అడిగితే ‘వ్యవసాయం’ అని చెప్పి ఊరుకుంటారు. భూమి ఉన్నట్టు ధ్వనించాలని వారి తాపత్రయం. ఆ మాట వెనుక కూడా ఒక దృక్పథం ఉంది, అయితే అది ఆదికాండానిది కాదు.

చర్మకారుని ఇల్లు

బైబిల్లో మన పల్లెల వారు ప్రత్యేకంగా చదవవలసిన చోటు ఒకటుంది. ప్రసంగీకులు దాన్ని త్వరగా దాటి ముందుకు వెళ్ళిపోతుంటారని మా పరిశీలన. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చివరి వచనంలో పేతురు యొప్పే పట్టణంలో సీమోను అనే చర్మకారుని ఇంట చాలా దినాలు ఉన్నాడని ఉంది. చర్మకారుడు అంటే తోళ్ళు ఊనేవాడు. చచ్చిన జంతువుల తోళ్ళతో పని, దుర్వాసన, అపవిత్రత. యూదుల సమాజంలో ఆ వృత్తిని చిన్నచూపు చూసేవారు. సీమోను ఇల్లు సముద్రపు ఒడ్డున ఉన్నదని తర్వాతి అధ్యాయం చెబుతుంది. ఊరికి అంచున అన్నమాట. మన పల్లె ఏ దిక్కున ఉంటుందో తెలిసినవారికి ఆ మాట వివరించనక్కరలేదు.

పేతురుకు దర్శనం వచ్చింది ఆ ఇంటి మిద్దె మీదనే. ఆకాశం నుంచి ఒక దుప్పటి దిగటం, అందులో శుద్ధమైనవీ కానివీ కలిసి ఉండటం, దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధమనవద్దని స్వరం వినబడటం మనందరికీ తెలిసిన కథే. వెంటనే కైసరయ నుంచి రోమా సైన్యాధికారి కొర్నేలీ మనుషులు రావటం, పేతురు అన్యుని గడప తొక్కటం. తోళ్ళు ఊనేవాని ఇంట బస చేసినవాడే ఆ గడప తొక్కగలిగాడని మాకనిపిస్తుంది. ఇది మా అభిప్రాయం మాత్రమే, వ్యాఖ్యానకర్తలు అందరూ ఒప్పుకోకపోవచ్చు.

అదే పేతురు తర్వాత ఏం చేశాడో గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. అంతియొకయలో ఆయన అన్యజనులతో కలిసి భోజనం చేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి పంక్తి విడిచి పక్కకు జరిగాడు. మిగతా యూదులూ ఆయన వెంట జరిగారు, చివరికి బర్నబా కూడా. పౌలు అందరి ఎదుటా ఆయన్ను నిలదీశాడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పేతురు ఏ సిద్ధాంతాన్నీ మార్చలేదు, యేసు ప్రభువు కాడని అనలేదు. భోజనాల వరుసలో చోటు మారాడు, అంతే. ఆ ఒక్క పనికే పౌలు అది సువార్త సత్యానికి విరుద్ధమన్నాడు. ఇంతకంటే సూటిగా మెస్సు హాలుకు వర్తించే అధ్యాయం బైబిల్లో మరొకటి ఉందనుకోం.

మూడు ఆజ్ఞలు

ఇక మన చరిత్రకు వద్దాం. ఒంగోలు ప్రాంతంలో ఈ దృక్పథం పుస్తకంగా రాలేదు, ఒక మనిషిగా వచ్చింది. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారి. అమెరికా వారు ఒంగోలులో స్థిరపడక ముందే ఆయన యోగం అభ్యసించి గురువుల చుట్టూ తిరిగిన అన్వేషి. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్ళినప్పుడు క్రీస్తును గురించి విన్నాడు. 1866లో జ్యూయెట్ దొర చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. పల్లెలు తిరిగి తనవారికి ఈ మాట చెప్పిన మొదటివాడు ఆయనే. దొరలు వచ్చి మనవాళ్ళను మార్చారని ఒక వాదన తరచుగా వింటుంటాం. పేరయ్య సంగతి తెలిసినవారు అంత తేలికగా అనలేరు. మన పల్లె మనిషి తానే వెదికి, తానే నడిచి, తానే తెచ్చుకున్నాడు.

జాన్ క్లౌ దొర దంపతులు 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. ఆ రోజుల్లో అగ్రకులాల పిల్లలు మిషన్ బడికి వస్తుండేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వారి పెద్దలు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ దొర ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనబడిందని ఆయన తన జీవిత కథలో చెప్పుకున్నారు. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం. లోకం ఎన్నికలేనివారిగా చూసినవారిని దేవుడు ఎన్నుకున్నాడని అక్కడ ఉంది. ఆ రోజు వారు మాదిగల వైపు నిలబడ్డారు. బడికి వచ్చే పెద్దింటి పిల్లలు తగ్గిపోయారు.

చేరినవారికి క్లౌ దొర పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి మామూలు మతాచారాల్లా ఉంటాయి. మాదిగ ఊరికి ఊడిగం చేసేవాడన్న సంగతి పక్కన పెట్టుకుని చూస్తే అసలు విషయం తెలుస్తుంది. ఏడు రోజులూ ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావలసిన మనిషి ఒక రోజు రానన్నాడు. కళేబరం మీద బతకవలసిన మనిషి అది నా కూడు కాదన్నాడు. ఊరి జాతరలో డప్పు కొట్టవలసిన మనిషి కొట్టనన్నాడు. కరణాలు, మునసబులు ఊరుకోలేదు. పని లేకుండా చేయటం, నీళ్ళు ఆపటం, దొంగకేసులు బనాయించటం చాలా చోట్ల జరిగాయి.

ఆదివారం విశ్రాంతి గురించి ఇంకొక మాట. పది ఆజ్ఞలు బైబిల్లో రెండు చోట్ల ఉన్నాయి. నిర్గమకాండం 20లో విశ్రాంతి దినానికి కారణం దేవుడు ఏడో రోజున విశ్రమించటం. ద్వితీయోపదేశకాండం 5లో కారణం వేరు. మీరు ఐగుప్తులో దాసులుగా ఉండేవారని గుర్తు చేసుకోండి, మీ దాసుడూ దాసీ మీవలెనే విశ్రమించాలి అన్నది అక్కడి భావం. సెలవు పుట్టింది వెట్టి జ్ఞాపకంలోంచి. ఒంగోలు పల్లెల వారు హెబ్రీ భాష చదవకుండానే ఆ రెండో కారణాన్ని గ్రహించారు.

తర్వాత కరవు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని పట్టి పీడించిన ఆ మహా కరవులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి పని కల్పించారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. ఉచితంగా గింజలు పోయటం కాదు, తవ్విన మట్టికి కూలి ఇవ్వటం అన్నమాట. అన్నం కోసం మతం మారారన్న నింద రాకూడదని ఆ కరవు కాలంలో పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపివేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరేసి చొప్పున నీళ్ళలో దిగి ఆ పని పూర్తి చేశారు. ఆ అంకె అందరికీ తెలుసు, ఒంగోలు వెళితే పిల్లలు కూడా చెబుతారు. మాకు మాత్రం అంకె కంటే ఆ పదిహేను నెలల ఆగటమే గొప్పగా కనిపిస్తుంది.

రెండు ప్రశ్నలు

ఇంతవరకు వెలుగు వైపు చూశాం. చీకటి వైపు చూడకపోతే అధ్యయనం కాదు.

మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి, పల్లెలు కూడా దాదాపు అలాగే పంచబడ్డాయి. ఒంగోలు బాప్టిస్టుల్లో ఎక్కువ మంది మాదిగలు, గుంటూరు లూథరన్లలో ఎక్కువ మంది మాలలు. అంతకు చాలా ముందే, 18వ శతాబ్దంలోనే, రోమన్ కాథలిక్కులుగా మారిన రెడ్లు, కమ్మవారు తమ కులాలతోనే ఉండిపోయారు. ఒకే ఊళ్ళో ఒకే క్రీస్తుకు రెండు గుడులు, ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో ఉండటం మనకు వింతగా కూడా అనిపించదు. వింతగా అనిపించకపోవటమే ప్రమాదం.

దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. 1935లో అంబేద్కర్ గారు యేవలాలో తాను హిందువుగా మరణించనని ప్రకటించిన తర్వాత వారిద్దరి మధ్య జరిగిన ఒక సంభాషణ అజరయ్య గారి చరిత్రలో చెబుతారు. మేము క్రైస్తవులమైతే ఎక్కడ ఉన్నా ఒకే సంఘంలో చేరగలమా, కుల వివక్ష నుంచి పూర్తిగా బయటపడగలమా అని అంబేద్కర్ గారు అడిగారట. ఈ రెండింటిలో దేనికీ అవునని చెప్పలేక జీవితంలో అంత సిగ్గుపడలేదని అజరయ్య గారు అన్నారట. ఆయన సంఘాల ఐక్యత కోసం చివరి వరకు పాటుపడి 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మన బాప్టిస్టులూ లూథరన్లూ అందులో చేరలేదు. అంబేద్కర్ గారు 1956 అక్టోబరు 14న బౌద్ధం స్వీకరించారు. మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికింది, రెండో ప్రశ్న మన హాస్టల్ వరండాలో ఇంకా నిలబడే ఉంది.

అంబేద్కర్ గారు క్రైస్తవుల మీద మరో విమర్శ కూడా చేశారు. దళితుని కష్టానికి కారణం చుట్టూ ఉన్న వ్యవస్థ అని చెప్పకుండా, నీ పాపమే అని చెబితే అతడు వ్యవస్థతో పోరాడడు అన్నది దాని సారం. దీన్ని దాటవేయకూడదు. పతనం అంటే కేవలం నా అబద్ధాలు, నా సిగరెట్టు అని బోధించే చోట ఆ విమర్శ నూరుపాళ్ళు నిజం. బైబిల్లో ఆమోసు ప్రవక్త అలా బోధించలేదు. దరిద్రుణ్ణి ఒక చెప్పుల జత కోసం అమ్మేవారినీ, దొంగ తూకాలు తూచేవారినీ పేరు పేరునా నిలదీశాడు. మీ పండుగలు నాకు అసహ్యం, మీ పాటల మోత నా ముందు నుంచి తీసేయండి, న్యాయాన్ని ఏరులా పారనివ్వండి అని దేవుని పక్షాన గద్దించాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం పొలం కోసినవారికి ఎగ్గొట్టిన కూలి దేవునికి మొర పెడుతుందంటుంది. పాపం పొలం గట్టు మీద కూడా ఉంటుందని చెప్పిన పుస్తకం ఇది. మన పాటల పుస్తకాల్లో రక్తం గురించి ఉన్నన్ని పాటలు కూలి గురించి ఎందుకు లేవో ఎవరైనా తమ్ముడు పరిశోధన చేస్తే బాగుంటుంది.

1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. పశువులకు కుడితి పెట్టిన బాల్చీలు చెరువులో కడగటాన్ని అడ్డుకున్నందుకు కొట్టబోతే, ఒక స్త్రీ తన చేతిలోని బిందె ఎత్తి ఎదురు నిలిచింది. ఆమె పేరు మున్నంగి సువార్త. మరునాడు, జూలై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. సువార్త అన్న మాటకు అర్థం మనకు తెలుసు. ఆమెకు ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు ఏం ఆశించారో తెలియదు గానీ, దేవుని స్వరూపం గురించి పైన రాసిన పేరాకు ఆ చెరువు గట్టు మంచి వ్యాఖ్యానం.

మరి హాస్టల్లో?

ఇక్కడ కొన్ని విషయాలు సూటిగా రాస్తాం. పెద్దన్నలు మన్నించాలి.

ముందుగా పంక్తి. కొన్నేళ్ళుగా హాస్టళ్ళలో గదులు కూడా మాల, మాదిగ అని విడిపోతున్నాయి. వర్గీకరణ గురించి 2004లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని పక్కన పెట్టి వర్గీకరణ చేయవచ్చని చెప్పింది. ఈ విషయంలో ఎవరి వాదన వారికి ఉండవచ్చు, గట్టిగా వాదించుకోవచ్చు కూడా. పంపకంలో న్యాయం అడగటం ఆమోసు ఒప్పుకునే పనే. వాదన అయ్యాక కంచం తీసుకుని పక్క వరుసకు జరగటం మాత్రం అంతియొకయలో పేతురు చేసిన పని.

తర్వాత వంటమనిషి, వాచ్‌మన్, మరుగుదొడ్లు కడిగే అక్క. వీరి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ‘ఏయ్’ అని పిలిచే నోటితోనే స్తోత్రం చెబితే దేవుడు వినడని కాదు గానీ, ముందు ఆ ‘ఏయ్’నే విని ఉంటాడు. మరుగుదొడ్డి కడగటం ఒక కులం పని అన్న ఆలోచన మనలోనే ఉంటే ఊరివారిని తప్పుపట్టే అర్హత ఎక్కడిది?

పరీక్షల ముందు పెన్నులు, హాల్‌టికెట్లు ప్రార్థనకు తీసుకువెళ్ళటం ఈ మధ్య బాగా పెరిగింది. ప్రార్థన చేయించుకోవటంలో తప్పులేదు. తలలో లేనిది పెన్నులోంచి రాదన్నది కూడా దేవుడు పెట్టిన సృష్టి క్రమమే. అదే పెన్నుతో పాటు చీటీ కూడా జేబులో వెళితే ఆ ప్రార్థన ఎవరికి చేరిందో చెప్పలేం. జ్వరం వస్తే నూనె రాసుకుని పడుకోకుండా పీహెచ్‌సీకి వెళ్ళండి. వైద్యం అవిశ్వాసం అయితే డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి మన ఆడవాళ్ళకు వైద్యం చేస్తూ అక్కడే జీవితం గడపవలసిన పనిలేదు.

కట్నం గురించి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. హాస్టల్లో చదివి, డీఎస్సీ రాసి, టీచరు ఉద్యోగం వచ్చిన నాటి నుంచి మన కుర్రవాడికి ఒక రేటు కడతారు. కానిస్టేబులుకు ఒకటి, టీచరుకు ఒకటి, ఇంజనీరుకు మరొకటి. పెళ్ళి చర్చిలోనే జరుగుతుంది, పాస్టరు గారు ఎఫెసీయుల పత్రిక చదువుతారు, డబ్బు అంతకు ముందు వారమే చేతులు మారి ఉంటుంది. ఆడపిల్ల కూడా దేవుని స్వరూపమే అని మొదటి అధ్యాయంలోనే ఉంది, అంత దూరం చదవనవసరం లేదు. ప్రభుత్వ సొమ్ముతో, అంటే ఎందరో పేదల పన్నుతో చదువుకున్నవాడు ఆ చదువుకు ఆడపిల్ల తండ్రి దగ్గర మళ్ళీ వెల వసూలు చేయటం మాకు అర్థం కాదు. ఇది చదువుతున్న పూర్వ విద్యార్థుల్లో కట్నం లేకుండా చేసుకున్నవారు కొందరున్నారు, వారు ఈ సభకు వచ్చి రెండు మాటలు చెప్పాలని మా మనవి.

చివరిగా అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి, సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతస్థులు కానివారు షెడ్యూల్డ్ కులాల కిందికి రారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సి, వారికి 1 శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కులానికీ మతానికీ ముడి తీసేయాలని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. అగ్రకులం వాడు క్రైస్తవుడైతే ఊళ్ళో అతని కులం పోదు, మాలవాడు క్రైస్తవుడైతే అతని అంటరానితనమూ పోదు. కారంచేడులో దాడికి వచ్చినవారు ఎవరి సర్టిఫికెట్టూ అడగలేదు. కనుక ఆ పేరా అన్యాయమని మేము బాహాటంగానే అంటాం. అయితే సత్యం పలకటం కూడా మన విశ్వాసంలో భాగమే. నమ్మింది ఒకటి, రాసింది ఒకటి అన్న స్థితిలో పదిహేనేళ్ళ కుర్రవాణ్ణి నిలబెట్టింది అతని తల్లిదండ్రులా, అతని పేదరికమా, ఆ పేరానా అన్నది ముందు తేల్చాలి. ఆ కుర్రవాణ్ణి దొంగ అని ఎగతాళి చేసే హక్కు, ఆకలి తెలియని క్రైస్తవునికి అసలు లేదు. న్యాయం కోసం పోరాడటం, అర్జీ పెట్టటం, చట్టం మారాలని అడగటం ఒక దారి. బీసీ-సి రాయించుకుని నిలబడినవారూ మనలో ఉన్నారు, వారు పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. ఎవరి మనస్సాక్షికి వారు జవాబు చెప్పుకోవాలి గానీ, గొంతు తగ్గించటం వల్ల ఎవరికీ మేలు లేదు.

ఈ వేసవిలో కొందరు తమ్ముళ్ళతో కలిసి ఫిలేమోను పత్రిక చదివాం. ఒక్కటే అధ్యాయం, పాతిక వచనాలు. ఒనేసిము అనే దాసుడు యజమాని ఇల్లు విడిచి వెళ్ళి పౌలును కలుసుకుంటాడు. పౌలు అతణ్ణి తిరిగి పంపుతూ, ఇకమీదట దాసుడిగా కాదు, ప్రియ సహోదరునిగా చేర్చుకోమని ఫిలేమోనుకు రాస్తాడు. ఆ సంఘం కూడేది ఫిలేమోను ఇంట్లోనే. ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడొకడు అడిగాడు: అన్నా, ఒనేసిము తిరిగి వెళ్ళిన రోజు రాత్రి భోజనాల దగ్గర అతణ్ణి ఎక్కడ కూర్చోబెట్టారు? పత్రిక అంతా మళ్ళీ చదివాం. ఆ సంగతి అందులో రాయలేదు.